తోటకు నదిని దూరం చేశాం

ఏదెనులో తోట వేసిన దేవుడు దాన్ని తడిపే నదిని కూడా అక్కడే ఉంచాడంటుంది ఆదికాండం రెండో అధ్యాయం. నగరాల్లో పార్కులు కట్టే మనిషి మాత్రం ఆ రెంటినీ విడదీశాడు. సింగపూర్‌లోని బిషాన్–ఆంగ్ మో కియో పార్కు పక్కన కలాంగ్ నది ఒకప్పుడు 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువ. 2012 నాటికి ఆ సిమెంటు పగలగొట్టి, నదిని పార్కులోకే వంపులు తిరిగేలా వదిలారు. గట్లను రాళ్లు, మొక్కల వేళ్లే పట్టి ఉంచుతాయి. భారీ వానొస్తే పక్కనున్న పచ్చికే నీటికి చోటిస్తుంది. తగ్గాక అక్కడే పిల్లలు ఆడుకుంటారు.

ఆదాముకు దేవుడప్పగించిన పని తోటను సాగుచేసి కాపాడటం. మనమో, కాలనీ పార్కులోనే కాదు, చర్చి ఆవరణలోనూ చెప్పులకు బురద అంటకూడదని వేపచెట్టు మొదలుదాకా టైల్స్ పరుస్తాం. ఆ తర్వాత బోరు ఎండిందని ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం.