పరికరం వయసునూ లెక్కించాలి

1999 డిసెంబరులో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహంలోని రెండు సెరెస్ పరికరాలు భూమి పరావర్తనం చేసే సౌర వికిరణాన్ని కొలిచాయి. అంతరిక్షంలో అతినీలలోహిత కిరణాల ప్రభావానికి వాటి దృశా భాగాలు క్రమంగా మసకబారి, ముఖ్యంగా నీలి కాంతికి స్పందన తగ్గింది. పరికరంలోనే అమర్చిన పరీక్షా దీపపు కాంతిలో నీలి భాగం స్వల్పం కావడంతో ఆ దీపం ఈ లోపాన్ని పట్టలేకపోయింది. వేర్వేరు రీతుల్లో పనిచేసిన రెండు పరికరాల కొలతలను పోల్చగా అది తేటతెల్లమైంది. శాస్త్రజ్ఞులు తగిన సవరణలు చేసి, దత్తాంశాన్ని కొత్త ఎడిషన్లుగా విడుదల చేశారు.

పరావర్తిత వికిరణం సగటున చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు. భూమి అదనంగా నిలుపుకొంటున్న శక్తి దాదాపు 1 వాటు మాత్రమే. అంటే, ఒక్క శాతం దోషం ఆ అదనపు శక్తి అంతటితో సమానం.

నాసా పవర్ ద్వారా సెరెస్ ఆధారిత సౌర వికిరణ అంచనాలే మన పంట నమూనాలకు, నీటి అవసరాల లెక్కలకు అందుతున్నాయి. కనుక వాడిన ఎడిషన్‌ను పరిశోధనా పత్రంలో తప్పక పేర్కొనాలి. భిన్న ఎడిషన్లను ఒకే కాలశ్రేణిలో కలపరాదు. మన క్షేత్రాల్లోని పైరనోమీటర్లకు సైతం చివరి క్రమాంకనం తేదీని నమోదు చేయాలి. పరికర క్షీణతను సవరించకుండా, వికిరణం తగ్గినందువల్లే దిగుబడి తగ్గిందని నిర్ధారించడం శాస్త్రసమ్మతం కాదు.