పదిహేను మేకలు, మూడు పులులు, ఒక పాత లాప్‌టాప్

మా ఊరి రచ్చబండ మీద ఒక పెద్ద బండ ఉండేది. ఉండేది అనే అంటున్నాను. కట్ట బాగుచేస్తున్నామంటూ మూడేళ్ళ కిందట దాని మీద సిమెంటు పోసేశారు. ఇప్పుడా కట్ట నున్నగా, చూడముచ్చటగా ఉంది. కిందున్న పులి-మేక గీతలు మాత్రం ఇక ఎవరికీ కనిపించవు.

ఆ గీతలు ఎవరు చెక్కారో మా నాయనకు తెలీదు. వాళ్ళ నాయనకూ తెలీదట. హంపీలో రాతి మండపాల నేల మీద కూడా ఇలాంటి ఆటల గీతలు కనిపిస్తాయి కాబట్టి ఇది పాత అలవాటేనని చెప్పొచ్చు. నాకు గుర్తున్నది మాత్రం ఆషాఢ మాసం. వేరుశనగ విత్తనం ఇంట్లో సిద్ధంగా పెట్టుకుని మబ్బుల కేసి చూసే రోజులు. ఆ బండ చుట్టూ పదిమంది చేరేవాళ్ళు. ఆడేది ఇద్దరు, సలహాలిచ్చేది ఎనిమిదిమంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే మామూలు వాన అనుకునే అనంతపురం సీమలో ఎదురుచూడటం కూడా ఒక పనే మరి!

ఆ తర్వాత పంటలు వరసగా పోయాయి. పదిమందిలో ఆరుగురు బెంగళూరు బస్సెక్కారు. ఇద్దరు కాలం చేశారు. మిగిలింది మా నాయన, ఇంకొకాయన. ఆయనకు చూపు ఆనదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మావాడు ఫోన్‌లో తలదూర్చి ఏదో ఆట ఆడుతున్నాడు. ఐదో తరగతి. నాయన కాసేపు చూసి, ‘‘దీంట్లో పులి-మేక లేదేంరా?’’ అన్నాడు. లేకేం, వెతికితే బోలెడు దొరికాయి. ఒకటి తెరిచి చేతికిచ్చాను. చూసి వెంటనే తిరిగిచ్చేశాడు. ‘‘నాలుగు పులులేందప్పా? ఇరవై మేకలేంది? ఇది మన బండ కాదు.’’ నిజమే. అది నేపాల్‌వాళ్ళ బాగ్‌చాల్. చదరపు పటం, ఐదు అడ్డ గీతలు, ఐదు నిలువు గీతలు. మనది మూడు పులులు, పదిహేను మేకలు.

‘‘సరే, మన బండ ఎట్లుండేదో గీయి’’ అన్నాను. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గీశాడు. పైన కొండ. కొండ నుంచి ఐదు గీతలు కిందికి... కాదు కాదు, నాలుగు. కొట్టేశాడు. మళ్ళీ గీశాడు. మళ్ళీ ఆగాడు. యాభై ఏళ్ళు ఆడిన మనిషి! చివరికి బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు దగ్గర కాపలా ఉంటున్న మా మామకు ఫోన్ చేశాడు. ‘‘బావా, కొండ కాణ్నుంచి గీతలెన్ని?’’ అవతల కూడా కాసేపు నిశ్శబ్దం. ‘‘నాలుగే ఉండాల బావా’’ అని వినిపించింది.

ఆ ‘ఉండాల’ అన్నమాటే నన్ను ఈ పనిలోకి దింపింది.

నేను చదివింది జర్నలిజం డిప్లొమా. కంప్యూటర్‌లో నాకు తెలిసింది పేజీలు పెట్టడం, తప్పులు దిద్దడం. గేమ్ తయారు చేయాలంటే పెద్ద కంపెనీ, వందమంది ఇంజినీర్లు కావాలనే అనుకునేవాణ్ణి. మీరూ అలాగే అనుకుంటూ ఉంటే ఒక్క పేరు చెబుతాను. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే కుర్రాడు ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే వ్యవసాయం ఆటను దాదాపు నాలుగున్నరేళ్ళు ఒంటరిగా కూర్చుని చేశాడు. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్... అన్నీ ఒక్కడే. 2016లో విడుదలైతే ప్రపంచమంతా ఆడింది. ఇలా పెద్ద సంస్థల అండ లేకుండా ఒకరిద్దరో, చిన్న బృందమో చేసేవాటినే ‘ఇండీ గేమ్స్’ అంటారు. మన హైదరాబాద్‌లోనూ ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో ‘అసుర’ను తెచ్చింది. (బరోన్ ఆటలో విత్తనం వేసి నీళ్ళు పోస్తే పంట వచ్చి తీరుతుంది. మా నాయనకు చెబితే పకపకా నవ్వాడు.)

పేజీలు పంపేశాక, రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక... నా ఆట మొదలైంది.

గేమ్ తయారీకి ‘ఇంజిన్’ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. నాకు కుదిరింది గోడో. ఇద్దరు అర్జెంటీనావాళ్ళు, హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ దీన్ని తమ పనుల కోసం తయారు చేసుకుని, 2014లో అందరికీ ఉచితంగా వదిలేశారు. లైసెన్సు రుసుము లేదు, గేమ్ అమ్ముకుంటే వాటా అడగరు. పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. 2023లో యూనిటీ అనే ప్రసిద్ధ ఇంజిన్ కంపెనీ గేమ్ ఇన్‌స్టాల్ అయ్యే లెక్కన రుసుము వసూలు చేస్తామనేసరికి గగ్గోలు పుట్టి, చాలామంది చిన్న తయారీదారులు ఈ గోడో వైపు చూశారు. మరుసటేడు ఆ రుసుమును రద్దు చేశారనుకోండి. ఇంతకీ గోడో అన్న పేరు శామ్యూల్ బెకెట్ నాటకం నుంచి వచ్చింది. ఇద్దరు మనుషులు ఎప్పటికీ రాని గోడో కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. మబ్బుల కేసి చూసే ఊరివాడికి ఇంతకన్నా తగిన సాఫ్ట్‌వేర్ దొరుకుతుందా?

ఇక బండ సంగతి. కంప్యూటర్‌కు గీతలు కనిపించవు. అంకెలే కావాలి. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. కొండ మీద ఒక చుక్క. అక్కణ్నుంచి కిందికి నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మూడు వరసలు, వరసకు ఆరు చుక్కలు. అడుగున నాలుగు. మొత్తం 23. పులులు, మేకలు అన్నీ దిగితే 18 చుక్కలు నిండిపోతాయి. కదలడానికి మిగిలేది ఐదే! ఇన్నేళ్ళూ చూసిన ఆటలో ఇంత ఇరుకు ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

ప్రతి చుక్కకూ పక్కింటివాళ్ళెవరో రాసిపెట్టాను. పక్కింట్లో మేక ఉండి, దాని పక్కిల్లు ఖాళీగా ఉంటే పులి దూకి మేకను కొట్టొచ్చు. ఇంతేగా అనుకున్నాను. పదిహేను రాత్రులు పట్టింది. తీరా నాయనకు ఫోన్‌లో చూపిస్తే మూడో ఎత్తుకే ఆపేశాడు. ‘‘పులి మూల తిరిగి దూకదురా. తిన్నగానే దూకుతాది!’’

చూస్తే నిజంగానే నా పులి సందు మలుపు తిరిగినట్టు దూకుతోంది. పక్కింటికి పక్కిల్లు అన్నానే తప్ప, ఆ మూడూ ఒకే గీత మీద ఉండాలని చెప్పలేదు కదా! కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఇళ్ళను వదిలేసి గీతలు రాశాను. కొండ నుంచి నాలుగు, అడ్డ వరసలు మూడు, అడుగు గీత ఒకటి, పక్క నిలువులు రెండు. మొత్తం పది గీతలు. ఒకే గీత మీద వరసగా మూడు చుక్కలుండే చోట్లు లెక్కిస్తే 28 వచ్చాయి. అటూ ఇటూ కలిపి పులికి 56 దూకుళ్ళు. అంతకు మించి ఒక్కటి కూడా లేదు.

ఆ లెక్కలోనే ఇంకొకటి బయటపడింది. ఏడు చుక్కల మీద కూర్చున్న మేకను ఏ పులీ ఎప్పటికీ కొట్టలేదు. కొండ, అడుగున రెండు మూలలు, పక్క నిలువుల నాలుగు కొసలు. ఏ గీత చూసినా అవి చివర్లే కాబట్టి వాటి మీదుగా దూకే వీల్లేదు. ఏదో కనిపెట్టినంత సంబరంతో నాయనకు ఫోన్ చేశాను. ‘‘అది తెలీకుండా మేకలు ఎట్ల పెడతార్రా? మొదట మూలలే కదా పెట్టేది’’ అన్నాడు. ఆ తర్వాత పంచాంగం, పశువుల మేత... మాట మారిపోయింది.

నన్ను ఎక్కువగా ఏడిపించింది మాత్రం పులి కాదు, మన తెలుగు. గోడో కన్నా ముందు వేరే ఉపకరణం ఒకటి పట్టుకున్నాను. పేరెందుకులెండి. అందులో ‘పులి చిక్కింది’ అని రాస్తే తెర మీద ‘పులి చిక్‌కింది’ అని వచ్చేది! వత్తులన్నీ విడిపోయి, పొల్లులు పైకి తేలి... చూడలేం. ఇంగ్లిష్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మనవి ఒకదాని కింద ఒకటి ఒదుగుతాయి. ఆ ఒదుగు తెలిసిన ప్రోగ్రాము విడిగా ఉండాలి. హార్ఫ్‌బజ్ అని ఒకటుంది, ఉచితమే. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు సరిగ్గా కనపడుతోందంటే దాని చలవే. 2023 మార్చిలో వచ్చిన గోడో నాలుగో వెర్షన్‌లో ఇలాంటి లిపులకు పూర్తి ఏర్పాటు చేశారు. మొదటిసారి ‘చిక్కింది’ తెర మీద చిక్కగా కనపడిన రాత్రి మా ఆవిణ్ణి నిద్ర లేపి మరీ చూపించాను. ఏమందో ఇక్కడ రాయను.

అక్షరాల రూపానికి గూగుల్ ఫాంట్స్‌లో వెతికితే భలే విషయం. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్ల వరసలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ... రాయలవారి కొలువంతా దిగింది! శ్రీకృష్ణదేవరాయల పేరుతోనూ ఒకటుంది. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్నది మన పెనుకొండనే. అది 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా మాకు మనదే. నా పులి ‘రామరాజ’లో గర్జిస్తోంది, మేకలు ‘పెద్దన’లో మాట్లాడుతున్నాయి.

గర్జన అంటే గుర్తొచ్చింది, శబ్దాలు. ఎస్ఎఫ్ఎక్స్ఆర్ అని ఓ చిన్న ఉపకరణం ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు రెండు మూడు రోజుల్లో గేమ్ చేసే ‘లూడమ్ డేర్’ అనే పోటీ 2002 నుంచీ నడుస్తోంది. శబ్దాలు చేసుకోవడానికి వాళ్ళకు టైము ఉండదని 2007లో థామస్ పెటర్సన్ దీన్ని తయారు చేసిచ్చాడు. దూకుడు, దెబ్బ, నాణెం, పేలుడు... మీట నొక్కితే చాలు, నొక్కినప్పుడల్లా కొత్త శబ్దం. దీని బ్రౌజర్ రూపాంతరంతో మావాడు ఒక ఆదివారమంతా ఇల్లు అదరగొట్టాడు. బొమ్మలకు నెదర్లాండ్స్‌కు చెందిన కెన్నీ పెట్టిన వేల బొమ్మలున్నాయి, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. స్పెయిన్‌లోని ఒక విశ్వవిద్యాలయంవాళ్ళ ‘ఫ్రీసౌండ్’లో మేకల అరుపులు ఎన్నో దొరికాయి. అన్నీ విన్నాను. చివరికి ఊళ్ళో మా పెద్దమ్మ మేకను ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీలో కత్తిరించి పెట్టాను. వెనకాల పెద్దమ్మ ‘‘ఓయ్’’ అనడం కూడా పడింది. అది తీసేయబుద్ధి కాలేదు.

మీ పిల్లలు ఇలాంటివి చేస్తామంటే గోడోతో మొదలుపెట్టనవసరం లేదు. ఎంఐటీవాళ్ళ స్క్రాచ్ ఉంది, రంగు రంగుల దిమ్మెలు పేర్చినట్టే ప్రోగ్రాము రాయొచ్చు. కథలు చెప్పాలనుకునేవాళ్ళకు ట్వైన్ ఉంది. ఇవేవీ డబ్బులడగవు. అడిగేది నిద్రే.

పూర్తయిన ఆటను ఇచ్ డాట్ ఐఓ అనే వేదికలో పెట్టాను. 2013 నుంచీ ఉన్న ఇలాంటి చిన్న ఆటల సంత అది. రెండు రోజులు తెరుచుకోలేదు. ముఖ్యమైన ఫైలుకు ‘ఇండెక్స్’ అని పేరు పెట్టాలట. నేను ‘పులి’ అని పెట్టాను. సరిచేశాక లింకును బెంగళూరు మామకు పంపాను. నాయన ఫోన్‌లోనూ పెట్టాను. కంప్యూటరే ప్రత్యర్థిగా ఆడే ఏర్పాటు కూడా చేశాను. దానికి మాత్రం ఇద్దరూ మొహం తిప్పేశారు. ‘‘అది ఓడిపోతే ఎవర్ని ఎగతాళి చేయాల?’’ అన్నాడు నాయన.

వేర్వేరు ఊళ్ళలో ఉన్న ఇద్దరు ఒకే ఆట ఆడాలంటే సర్వర్లు అవీ కావాలి. అది నాకింకా చేతకాలేదు. మరో రెండు నెలలైనా పడుతుందన్నాను. వాళ్ళు ఆగలేదు. చెవి దగ్గర ఫోను పెట్టుకుంటే తెర కనపడదు కాబట్టి, స్పీకరు పెట్టుకుని, ఎవరి బండ వాళ్ళ ముందు పెట్టుకుని, అవతలివాడి ఎత్తును కూడా తామే జరుపుకుంటూ మొదలుపెట్టేశారు. మొదటి వారమంతా గొడవే. ‘ఆ చుక్క’ అంటే ఏ చుక్క? అందుకని చుక్కలకు పేర్లు పెట్టుకున్నారు. పైది కొండ. మొదటి వరస చెరువుకట్ట. రెండోది రచ్చ. మూడోది చేను. అడుగుది వంక. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు...

‘‘బావా, నా పులి చెరువుకట్ట మూడుకు దిగింది.’’

‘‘దిగనీ. నా మేక చేను ఆరులో ఉంది. ఏం చేస్తావో చెయ్యి.’’

ఆ పేర్లన్నీ ఇప్పుడు తెర మీద చుక్కల పక్కనే చిన్న అక్షరాల్లో కనపడేలా పెట్టాను. వత్తులు విడిపోలేదు. పక్కూరివాడొకడు చూసి, తమ ఊళ్ళో పదిహేను మేకలూ దిగకముందే మేకలు కదలొచ్చని వాదానికి దిగాడు. దానికో మీట పెట్టాల్సి ఉంది. అడుగున ఆరో మేక పోగానే ఓటమి అనేది మా ఊరి లెక్క. అదీ అందరికీ సమ్మతం కాదు.

నిన్న శనివారం మామకు రాత్రి డ్యూటీ. అపార్ట్‌మెంటు గేటు మూసేశాక, పదిన్నరకు ఫోన్ వచ్చింది. ఈసారి మేకలు నాయనవి. నేను పడుకునేసరికి పదకొండు దిగాయి, రెండు పోయాయి, ఒక పులి రచ్చ మూల ఇరుక్కుంది. నాలుగు మేకలు ఇంకా నాయన చేతిలోనే ఉన్నాయి.