గుట్ట నేర్పిన నడక

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై నార్కట్‌పల్లి యను ఊరు కలదు. చుట్టును పత్తిచేలు, వరిమళ్లు, వరుసలు తీరిన తాటిచెట్లు. నేల చాలవరకు చదునైనది. ఆ చదునునేలలో అక్కడక్కడ రాతిగుట్టలు తలలెత్తి నిలిచియున్నవి. వానికి పాదములకడ మెత్తని వాలుండదు. చేను ముగిసిన చోటనే బండ మొదలగును. నల్లగొండ యను పేరే నల్లని కొండను బట్టి వచ్చినది. అయినను ఈ ప్రాంతపు వారిలో అనేకులు గుట్టను దినమెల్ల చూతురే కాని దానిపై నడువరు.

నార్కట్‌పల్లికి చేరువనే చెర్వుగట్టు గుట్ట యున్నది. దానిపై జడల రామలింగేశ్వరుని ఆలయము కలదు. మాఘమాసమున జాతర జరుగును; ప్రతి అమావాస్యకును జనులు గుంపులుగా వత్తురు. ఆలయమునకు పైన మూడు గుండ్లు గలవు. భక్తులు వాని సందులలో నుండి దూరి పైకెక్కుదురు.

నేను చదునునేలలో పుట్టి పెరిగినవాడను. బాల్యమున దినమునకు ఐదారు మైళ్లు అవలీలగా నడచెడివాడను. కావున మొదటిసారి ఆ గుట్ట నెక్కబోయినపుడు ఇదియు నొక నడకయే కదా యని తలచితిని. తోడివారిని దాటి మెట్లపై పరుగిడితిని. సగము దారి యైనను పోకమున్నే గుండె దడదడ కొట్టుకొనజొచ్చెను, పిక్కలు బిగిసికొనెను, కన్నులు చీకట్లు క్రమ్మెను. ఒక రాతిపై చతికిలబడితిని. అంతట తలపై గంప పెట్టుకొనిన యొక ముసలమ్మ మెల్లగా నాప్రక్కకు వచ్చి, “నిమ్మళంగ ఎక్కు బిడ్డా, గుట్ట యాడికి పోదు” అని చెప్పి, ఆగకయే పైకి సాగిపోయెను. నేను పైకి చేరునప్పటికి ఆమె గంప దించి, కొబ్బరికాయలు పేర్చుకొని కూర్చుండియుండెను.

నా బలము ఆమె బలముకంటె తక్కువదా? కాదు. ఆమెకు తెలిసినది నాకు తెలియదు; అంతియే. అది యేమో విచారింతము.

చదునునేలపై నడచునపుడు మన శరీరము ముందుకు సాగునే కాని పైకి లేవదు. కొండపై ప్రతి అడుగునను మన బరువును మనమే మోసికొని పోవలెను. 40 కిలోల బాలుడు 100 మీటర్ల ఎత్తు ఎక్కినచో, కేవలము శరీరమును పైకెత్తుటకే 39,200 జౌళ్ల పని చేసినవాడగును. కండరములు తాము వాడుకొను శక్తిలో సుమారు నాల్గవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు; తక్కినది వేడియై పోవును. కావుననే చెమట పట్టును, ఊపిరి వేగమగును, నాడి హెచ్చును. స్కాట్లండు దేశీయుడగు నేయిస్మిత్ అను పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పెను. దానిని మన కొలతలలో చెప్పినచో, ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట పట్టును. 600 మీటర్ల ఎత్తు ఎక్కుటకు మరియొక గంట చేర్చవలెను. అనగా ఒక మీటరు ఎత్తు సుమారు ఎనిమిది మీటర్ల చదునుదారితో సమానము. చదునునేల వేగముతో కొండ నెక్కువాడు ఈ లెక్కను మరచినవాడు.

దిగుట సులభమని కొందరు తలతురు. అదియు పొరపాటే. దిగునపుడు ఊపిరికి శ్రమ తక్కువ. కాని పడిపోవు బరువును నిలువరించుచు తొడకండరములు సాగుచునే బిగిసియుండవలెను. అలవాటులేని కండరములు ఆ పనికి ఓర్వలేవు. కావుననే నొప్పి ఆనాడు కాక మరునాడో, మూడవనాడో బాధించును. అది రోగము కాదు. శరీరము క్రొత్తపాఠము నేర్చుకొనుచున్నదని గుర్తు. మరల ఎక్కి దిగినచో ఆ నొప్పి తగ్గిపోవును.

ఈ అభ్యాసము ఎంతదూరము కొనిపోగలదో చూడుడు. భువనగిరిలో ఏకశిలవలె కానవచ్చు పెద్ద బండకొండ యున్నది. ఆ ఊరు 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిదే. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణయు, ఖమ్మము ప్రాంతపు ఆనందకుమారును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారు తొలిపాఠములు నేర్చినది ఈ భువనగిరి బండపైననే. తరువాత డార్జిలింగులోను, లడఖ్ మంచులోను శిక్షణ పొందిరి. 2014 మే 25వ తేదీన ఇరువురును ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లయినను నిండలేదు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భువనగిరి బండ దాని ముందు గులకరాయివంటిది. అయినను ఆ గులకరాతిపై నేర్చిన అడుగే ఆ శిఖరమునకు దారితీసినది.

“గుట్టపైకి వాహనములు పోవుచుండగా నడువ నేల?” అని కొందరు ప్రశ్నింతురు. వృద్ధులకు, రోగులకు వాహనము మేలే. దానిని నిందింపరాదు. కాని కాళ్లు చక్కగా నున్న బాలబాలికలు కూడ కూర్చుండియే పైకి పోయినచో, వారు గుట్టపైని దృశ్యమును చూతురు గాని గుట్టను ఎరుగరు. తమ బలమెంతో, తమ హద్దెంతో కూడ ఎరుగరు. ప్రతి పాఠశాలయు నెలకొకమారైనను ఉపాధ్యాయుల తోడ విద్యార్థులను సమీపపు గుట్టకు నడిపించుట మంచిదని నా యభిప్రాయము. దానికి ఆటస్థలము కొననక్కరలేదు, పరికరములు తెప్పింపనక్కరలేదు.

అయితే కొన్ని నియమములు పాటింపవలెను. ఎండకు బండలు కాగకమున్నే, తెల్లవారుజామున బయలుదేరవలెను. నీరు వెంట నుండవలెను. అడుగులు చిన్నవిగా వేయవలెను. పాదము పూర్తిగా ఆనవలెను. ప్రక్కవానితో మాటలాడుచు నడువగలిగినచో వేగము సరియైనదే. మాట తడబడినచో వేగము తగ్గింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, గుంపు వేగము అందరికంటె మెల్లగా నడచువాని వేగమై యుండవలెను. వెనుకబడినవానిని విడిచి ముందుగా శిఖరము చేరుట గెలుపు కాదు.

విద్యార్థులారా! చదువును ఇట్టి యొక గుట్టయే. తొలిమెట్లపై పరుగిడి అలసి కూలబడువారు అనేకులు. తన యూపిరి నెరిగి, అడుగు తప్పక సాగువాడు ఆలస్యముగ నైనను పైకి చేరును. ఆ ముసలమ్మ మాట నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది. గుట్ట ఎక్కడికిని పోదు. మనమే దానికడకు నడచి పోవలెను.