హైమార్స్ వీడియోలు పంపే తమ్ముళ్లకు

మన గ్రూపుల్లో ఈ అమెరికా రాకెట్ ట్రక్కు వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఇక్కడ సైట్లో రోజంతా క్రేన్లూ టిప్పర్లూ చూసేవాణ్ణి గదా, నా కన్ను రాకెట్ కన్నా బండి మీదే పడింది. ఆరు చక్రాల మిలిటరీ ట్రక్కు. లోపల ముగ్గురు మనుషులు. వెనక ఒక పెట్టె, దాంట్లో 6 రాకెట్లు. ఖాళీ పెట్టె దించి కొత్తది ఎక్కించే ఏర్పాటు కూడా బండిమీదే ఉంది, వేరే క్రేన్ పిలవక్కర్లేదు. కొట్టిన వెంటనే చోటు మార్చేస్తుంది. పనితనం గొప్పదే, కాదనను.

కానీ ఆ రాకెట్ 70 కిలోమీటర్ల అవతల పడుతుంది. అక్కడ ఎవరున్నారో వీడియోలో కనపడదు. 2022 జూన్ నుంచి ఉక్రెయిన్ ఈ బండ్లను వాడుతోంది. అదే యుద్ధంలో రష్యా వైపు మన హైదరాబాద్ అబ్బాయి ఒకడు చనిపోయాడు, 2024 మార్చిలో మన ఎంబసీయే చెప్పింది. ఈ ట్రక్కే చంపిందని నేను అనట్లేదు. హెల్పర్ పని అని చెప్తే నమ్మి పోయాడు, మనలాగే. అట్లా పోయినోళ్లు చాలామంది తమకు రాని రష్యన్ భాషలో కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు.

చప్పట్లు కొట్టే ముందు ఆ అవతలి చివర కూడా చూడండి. రష్యాలో హెల్పర్ పని, మంచి జీతం అని మీ ఊళ్లో ఏ ఏజెంటైనా తిరుగుతుంటే ఆ వీడియో బదులు ఆ సంగతి గ్రూపులో పెట్టండి.