బయటి పనికి పరిచయము

నాట్లకు కూలీలు దొరకుట లేదని భూస్వాములు ఏటేటను మొఱపెట్టుకొనుచున్నారు. ఊరివారందఱును పట్నములకు, పరదేశములకు పోవుచున్నారని వారి ఫిర్యాదు. ఎవరు పోగలుగుచున్నారు, ఎవరు పోలేక గట్టుననే మిగిలిపోవుచున్నారు అను ప్రశ్న వేసినవారు తక్కువ. మాకు తోచినంతవఱకు, పల్లెవానిని పొలము వెలుపలి పనికి చేర్చుటలో చదువుకంటెను, దేహబలముకంటెను ముందుగా లెక్కకు వచ్చునది ఆతనికి గల పరిచయము.

సిరిసిల్ల పద్మశాలీలు భీవండి మగ్గములకు పోయిన త్రోవను పరికింపుడు. జగిత్యాల, నిజామాబాదు పల్లెలవారు దుబాయికిని, శ్రీకాకుళపు మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవునకును పోయిన త్రోవలు నిట్టివే. మొదట నొక్కడు పోయి, కుదురుకొని, ఊరికి కబురు పంపును. తరువాత పోవువానికి మొదటి నెల పడక, భోజనము, యజమానితో చెప్పవలసిన ఒక్క మాట వానివలననే లభించును. యజమానికిని లాభమే, క్రొత్తవాడు పని మాని పాఱిపోయినచో తెచ్చినవాని పరువు పోవును గనుక, అతడే వానిని కాచుకొనును. ఈ పూచీని ఏ ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీయు నీయజాలదు. కాని ఒకే త్రోవను నమ్మిన ఊరికి ఆపదయు మూకుమ్మడిగనే వచ్చును. 2018 నవంబరులో పాకిస్థానువారు సముద్రముపై పట్టుకొన్న శ్రీకాకుళ ప్రాంతపు మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు.

మఱియు తనవారికి తెఱచుకొను త్రోవ పరులకు మూసికొనును. బర్మాలో మనవారిని కొరంగీలనెడివారు. రంగూను రేవు పని మేస్త్రీల ద్వారా తెలుగు కూలీలదై యుండెను. 1930 మే నెలలో వారు సమ్మె చేయగా బర్మీయులను పనిలో పెట్టి, సమ్మె తీఱినంతనే ఆ బర్మీయులను వెడలగొట్టిరి. పుట్టిన కలహములో పెక్కుమంది తెలుగువారు ప్రాణములు కోల్పోయిరి.

పరిచయము ఋణముగా మాఱినచోట కథ వేఱు. పాలమూరులో గుంపు మేస్త్రీ ఊరివాడే, తఱచు బంధువే. పని కాలమునకు ముందు బయానా యిచ్చి ఆలుమగలను కాలువ పనులకు, ఆనకట్టలకు తోడ్కొనిపోవును. బయానా తీఱువఱకు లెక్క అడిగినవాడు కృతఘ్నుడనిపించుకొనును. ఇతర రాష్ట్రములకు ఐదుగురిని గాని అంతకు మించి గాని తీసికొనిపోవువానికి లైసెన్సు ఉండవలెనని 1979లో కేంద్ర చట్టము చేసిరి. 2020లో దానిని వేఱొక స్మృతిలో కలిపిరి. ఆ చట్టము సర్దారును గూడ కాంట్రాక్టరుగనే ఎంచినది. బాగుగనే యున్నది గాని, మేనమామపై ఎవరు ఫిర్యాదు చేయుదురు?

అమెరికాలో గ్రానొవెటర్ అను పండితుడు 1973లో ప్రకటించిన వ్యాసములో నొక వింత సంగతి కలదు. ఎఱిగినవారి మూలమున ఉద్యోగము పొందినవారిలో వందకు 17 మందికి మాత్రమే అది తఱచు కలియువారివలన దొరకెను; తక్కినవారికి అప్పుడప్పుడో, అరుదుగనో కలియువారివలన దొరకెను. అది పట్టణోద్యోగుల సంగతియే. అయినను కారణము పల్లెకును వర్తించును. భూమి లేని కూలివాని బంధువులందఱును వాడు నిలుచు అడ్డాలోనే నిలుచుచున్నారు. వానికి తెలియని పని వారికిని తెలియదు. దూరపు పరిచయములు గలవాడు రైతు. ఆతని అల్లుడు హైదరాబాదులో నుండును, తమ్ముడు మండల కార్యాలయములో నుండును.

కావున మేము ఈ మాట భూమి గల చదువరులతోనే చెప్పదలచితిమి. మీరు వ్రాయు ఒక్క చీటి, మాటలాడు ఒక్క మాట పాలేరు కుమారుని మేస్త్రీ చేతినుండి తప్పింపగలదు. అట్లు చేసినచో నాట్లకు మనిషి తగ్గును. మిగిలినవారు కూలియు హెచ్చుగా నడుగుదురు. దానిని మేము దాచము. ఆ నష్టమునకు వెఱచి నోరు మూసికొనువారు కూలీల కఱవును గూర్చి మొఱపెట్టుట మాత్రము తగదు.

ఇక పంచాయతీ చేయదగిన పని యొకటి కలదు. ఊరినుండి మనుష్యులను తీసికొనిపోవువాని పేరు, పని స్థలము, ఇచ్చిన బయానా, ఒప్పుకొన్న కూలి వ్రాసి, నలుగురియెదుట చదివి వినిపించు ఒక పుస్తకముంచవలెను. గల్ఫుకు పంపెదనను ఏజెంటు 1983 చట్టము ననుసరించి నమోదైనవాడగునో కాదో పాసుపోర్టు వాని చేతికిచ్చుటకు ముందే కనుగొని అందులో వ్రాయవలెను. దీనికి క్రొత్త చట్టము అక్కఱలేదు, వ్యయమును స్వల్పమే. రాబోవు గ్రామసభలో దీనిని ప్రతిపాదించుటకు ఏ రైతు లేచునో చూడవలసియున్నది.