వంటగది సరే, ఆ కాగితం ఏదీ?

మొన్న మా వదిన (ఆడపడుచే) హైదరాబాద్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మంది. తూర్పు ముఖం, పెద్ద వంటగది, పైగా మిగతావాటికన్నా నాలుగు లక్షలు తక్కువ! వదిన మురిసిపోయింది, గాజులు తాకట్టు పెట్టడానికీ సిద్ధపడింది.

తీరా అడిగితే, అది మునిసిపాలిటీకి తనఖా పెట్టిన ఫ్లాట్! అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతం అలా తనఖా పెట్టించుకుంటారట. ప్లాన్ ప్రకారమే కట్టారని చూసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే విడిపిస్తారు. "అదెంతసేపమ్మా, వచ్చేస్తుంది" అన్నాడు బిల్డర్.

నియమం మంచిదే. కానీ అది ఆఫీసు ఫైల్లో ఉంటే మనకెలా తెలుస్తుంది? తనఖాలో ఉన్న ఫ్లాట్ల నంబర్లు గేటు దగ్గర బోర్డు మీద రాయించాలి. తనిఖీకి వచ్చే అధికారులు ముందు ఆ బోర్డు ఉందో లేదో చూడాలి.

అందాకా మనమే అడగాలి. వంకాయని నాలుగు వైపులా తిప్పి చూసి కొంటాం కదా. నగలు కుదువపెట్టి కొనే ఇంటికి ఒక్క కాగితం అడగడానికి మొహమాటం దేనికి?