తోటలో కూలి అడగని పనివాడు



ముక్కు పురుగు అనగానే మన స్త్రీలకు బియ్యం డబ్బా గుర్తుకు వస్తుంది. కొబ్బరి రైతుకైతే చెట్టును తొలిచి చంపే ఎర్రముక్కు పురుగు కళ్లముందు మెదులుతుంది. అదే కోవలో రైతుకు మేలు చేసే పురుగు కూడా ఒకటి ఉన్నదంటే చాలామంది నమ్మరు. కాని ఏలూరు, ఖమ్మం ప్రాంతాల్లో ఆయిల్‌పామ్ తోట మీద బ్రతికే ప్రతి కుటుంబమూ దానికి ఋణపడి ఉన్నది.

ఆయిల్‌పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఒకే చెట్టుకు కొంతకాలం మగ పూగుత్తులు, కొంతకాలం ఆడ పూగుత్తులు వస్తాయి. రెండూ సాధారణంగా ఒకేసారి రావు గనుక ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టు పూవును చేరాలి. ఆ పని చేసేది బియ్యపు గింజకంటె చిన్నదైన ముక్కు పురుగు.

మగ పూలు విచ్చినప్పుడు సోంపు వంటి ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసనకు పురుగులు గుంపులుగా వచ్చి వాలి, పూలను తిని, ఒళ్లంతా పుప్పొడి పూసుకుంటాయి. పుప్పొడి రాల్చి వాడిపోతున్న ఆ గుత్తులలోనే గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు అక్కడే పెరుగుతాయి. ఆడ పూలు కూడా అదే వాసనను కొద్దికొద్దిగా వదులుతాయి. దానికి ఆకర్షించబడి వెళ్లిన పురుగుకు అక్కడ తిండీ లేదు, గుడ్లు పెట్టే చోటూ లేదు. తిరిగి వెళ్లిపోతుంది. అయితే ఈలోగా పుప్పొడి పూవును చేరనే చేరింది. చెట్టు పురుగుకు ఇల్లు ఇచ్చింది, పురుగు చెట్టుకు కాపు ఇచ్చింది. ఇలా రెండు ప్రాణులు తరతరాలుగా ఒకదానికొకటి అనుగుణంగా మారుతూ రావడాన్ని శాస్త్రజ్ఞులు సహపరిణామం అంటారు.

ఈ జతను విడదీస్తే ఏమి జరుగుతుందో మలేషియా రైతాంగం చూసింది. అక్కడికి చెట్టును తెచ్చారు గాని పురుగును తేలేదు. పూలు పూసినా గెలలో కాయలు సరిగా నిండేవి కావు. అందుచేత పుప్పొడిని సేకరించి, కూలీలు చెట్టు చెట్టుకూ తిరిగి ఆడ పూల మీద చల్లవలసి వచ్చింది. లెస్లీ డేవిడ్సన్ అనే తోటల అధికారి అంతకు ముందే కామెరూన్ దేశంలో పూల మీద ముసిరే పురుగులను గమనించాడు. ఆయన పట్టుదల వల్ల సయ్యద్ అనే పాకిస్తాన్ కీటక శాస్త్రజ్ఞుడు కామెరూన్ వెళ్లి, ఈ కాపు పురుగుల పుణ్యమేనని తేల్చాడు. అవి వేరే పంటలకు హాని చేస్తాయేమో అని ముందుగా పరీక్షించిన తరువాతనే 1981లో మలేషియా తోటల్లో వదిలారు. ఆ పురుగు సంతానం ఆయిల్‌పామ్ మగ పూలలోనే పెరుగుతుంది గనుక మరో పంట జోలికి పోలేదు. గెలలు బరువెక్కాయి. చేతితో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది.

1985లో ఆ పురుగును కేరళకు తెచ్చారు. తరువాత అది మన తోటలకూ వచ్చింది. ఇప్పుడు దేశంలో ఆయిల్‌పామ్ దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

ఇటువంటి జతలు మన ఊరి పొలిమేరలోనూ ఉన్నాయి. మేడిపండులో పురుగులున్నాయని మనం ఎగతాళిగా చెప్పుకుంటాం. నిజానికి కాయలోకి దూరే ఆ చిన్న కందిరీగ లేకపోతే మేడికి విత్తనమే కట్టదు. మర్రికీ, రావికీ కూడా వాటి వాటి కందిరీగలు ఉన్నాయి. ఆ పండ్లతో ఎన్నో పక్షులూ గబ్బిలాలూ కడుపు నింపుకొని, విత్తనాలను దూరదూరాలకు చేరవేస్తాయి. కంటికి ఆనని కందిరీగ పోతే ఆ చెట్టునీడన బ్రతికేవన్నీ పస్తులుంటాయి.

గనుక ఆయిల్‌పామ్ రైతు సోదరులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. పూత మీద పురుగుమందు కొట్టవద్దు. తప్పనిసరి అయితే ఉద్యానశాఖ వారినో, పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వారినో ముందుగా అడగండి. వాడిన మగ గుత్తులను కోసి కాల్చివేయవద్దు. రేపటి పనివాళ్లు వాటిలోనే పెరుగుతున్నారు. లేత తోటలో పురుగులు లేకపోతే, చెట్లకు సుమారు మూడేళ్లు వచ్చే వేళకు ముదురు తోట నుండి పురుగులున్న మగ గుత్తులు తెచ్చి పెట్టండి.

పురుగు కనబడగానే మందు డబ్బా కోసం చెయ్యి చాచడం మనకు అలవాటైపోయింది. ఇకమీదట ఒక్క నిమిషం ఆగి, అది పంటను తింటున్నదా, పంటకు పని చేస్తున్నదా అని చూడండి. మీ పిల్లలకు కూడా చూపించండి. మనం కూలి ఇవ్వకుండానే మన తోటలో పని చేస్తున్నవాడిని మన చేతులతోనే చంపుకోకూడదు గదా!